పెయింటింగ్ బటన్ అందరి దగ్గరా ఉంది.. మరి పని ఎవరికి దొరుకుతుంది?

ఫొటో ఇచ్చి ఒక్క లైన్ టైప్ చేస్తే చాలు, నిమిషంలో అది ఆయిల్ పెయింటింగ్ అయిపోతోంది. నిన్నటిదాకా ఈ పనికి డబ్బు తీసుకున్న స్టూడియో ఎడిటర్‌కీ, ఫొటోషాప్ నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న డిగ్రీ విద్యార్థికీ ఇప్పుడు ఒకటే అనుమానం: ఇంకా మనతో పనేముంది? పని పోయిందా, లేక మారిందా? ఉమ్మడి విశాఖ జిల్లాలోని చోడవరం లాంటి ఊళ్లో కూర్చుని ఈ మార్పును ఎలా చూడాలి? సాంకేతికత, చట్టం, ఉద్యోగాలు.. మూడు వైపుల నుంచీ చూద్దాం.

అసలేం జరిగింది?

2025 మార్చి 25న ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సదుపాయం తెచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే సోషల్ మీడియా అంతా జపాన్‌కు చెందిన స్టూడియో ఘిబ్లీ కార్టూన్ల తరహా ముఖాలతో నిండిపోయింది. మన పెళ్లి ఫొటోలు, సినిమా హీరోల స్టిల్స్, క్రికెటర్ల బొమ్మలు అన్నీ అందులోకే వచ్చేశాయి. కేంద్ర ప్రభుత్వ మైగవ్ ఖాతా కూడా ప్రధాని చిత్రాలను ఆ శైలిలో పోస్ట్ చేసింది. సర్వర్లు వేడెక్కిపోతున్నాయని ఓపెన్‌ఏఐ సీఈఓ శామ్ ఆల్ట్‌మన్ స్వయంగా చెప్పారు. మొదటి వారంలోనే 13 కోట్ల మందికి పైగా 70 కోట్లకు మించి బొమ్మలు చేసుకున్నారని ఆ సంస్థే ప్రకటించింది.

ఆ వేడి తగ్గేలోపే 2025 ఆగస్టు 26న గూగుల్ నానో బనానా అనే మోడల్ వదిలింది. సెప్టెంబరులో పాతకాలం సినిమా పోస్టర్ల తరహా చీరకట్టు ఫొటోల ట్రెండ్ దేశమంతా నడిచింది. ఇదే అదనుగా పుట్టుకొచ్చే నకిలీ సైట్లకు, అనధికార యాప్‌లకు వ్యక్తిగత ఫొటోలు ఇవ్వొద్దని ఐపీఎస్ అధికారి వి.సి.సజ్జనార్ హెచ్చరించాల్సి వచ్చింది.

ట్రెండ్లు వస్తాయి, పోతాయి. కానీ ఈ రెండు ట్రెండ్ల తర్వాత ఒక సంగతి తేలిపోయింది. ఫొటోను పెయింటింగ్‌లా మార్చడం ఇప్పుడు ఎవరికీ ప్రత్యేక విద్య కాదు. మీ రెజ్యూమెలో 'ఫొటో ఎడిటింగ్ వచ్చు' అని రాస్తే, అవతలివాళ్లు తమ ఫోన్ వైపు చూసి 'మాకూ వచ్చు' అనుకునే రోజులివి.

ఈ విద్య వయసు యాభై ఏళ్లు

ఇది నిన్న పుట్టిన పని అనుకుంటే పొరపాటే. దీని వెనక ఉన్న లెక్కలు చాలా పాతవి. ఇంజినీరింగ్ చదివేవాళ్లయితే ఈ భాగం శ్రద్ధగా చదవండి, ఇంటర్వ్యూలో ఉపయోగపడుతుంది.

1976లో జపాన్‌కు చెందిన కువహరా, ఆయన సహచరులు గుండెకు సంబంధించిన వైద్య చిత్రాల్లో మచ్చలు తగ్గించడానికి ఒక ఫిల్టర్ తయారుచేశారు. ఒక్కో పిక్సెల్ చుట్టూ నాలుగు చిన్న చతురస్రాలు తీసుకుంటుంది. వాటిలో రంగు తేడాలు ఎందులో తక్కువో చూసి, దాని సగటు రంగును ఆ పిక్సెల్‌కి ఇస్తుంది. దీంతో గరుకుదనం పోతుంది కానీ అంచులు చెదిరిపోవు. డాక్టర్ల కోసం చేసిన ఈ లెక్క, మామూలు ఫొటో మీద వాడితే అచ్చం చదునైన కుంచెతో రంగు పూసినట్టు కనిపించింది. ఫొటోను పెయింటింగ్ చేసే ఎన్నో ఫిల్టర్లకు ఇదే మూలం.

1990లో పాల్ హేబర్లి అనే పరిశోధకుడు ఇంకో దారి చూపించాడు. పిక్సెళ్లను మార్చడం కాదు, ఫొటోలోని రంగును తీసుకుని దాని మీద ఒక్కో కుంచె గీతనూ వేసుకుంటూ పోవడం. 1998లో ఆరన్ హెర్ట్‌జ్‌మన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ముందు పెద్ద కుంచెతో మొత్తం పూసి, ఫొటోకీ బొమ్మకీ తేడా ఎక్కువ ఉన్నచోట మాత్రమే చిన్న కుంచెతో దిద్దే పద్ధతి అది. ఆలోచిస్తే, గోడ మీద బొమ్మ వేసే మన ఊరి ఆర్టిస్టు చేసేదీ అదే కదా!

2012లో ఫొటోషాప్ సీఎస్6లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ వచ్చింది. ఉచితంగా దొరికే గింప్‌లో ఆయిలిఫై అనే ఫిల్టర్ అంతకు చాలా ముందు నుంచే ఉంది.

అసలు మలుపు 2015 ఆగస్టులో వచ్చింది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో గాటిస్, ఎకర్, బెత్గే అనే ముగ్గురు పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక ఫొటోలోని 'విషయాన్ని', ఇంకో పెయింటింగ్‌లోని 'శైలిని' విడదీసి కలపొచ్చని చూపించారు. తమ ఊరి నది ఒడ్డు ఫొటోను వాన్ గో 'స్టారీ నైట్' శైలిలోకి మార్చారు. ఏడాది తిరక్కుండానే, 2016 జూన్‌లో ప్రిస్మా యాప్ అదే విద్యను అందరి ఫోన్లలోకీ తెచ్చింది.

అంటే పదేళ్ల క్రితమే బటన్ వచ్చేసింది. అయినా స్టూడియో ఎడిటర్ పని అప్పుడు ఆగిపోలేదు. ఇప్పుడెందుకు భయం? కారణం ఉంది.

ఫిల్టర్ వేరు, ఏఐ వేరు

ఈ తేడా పట్టుకుంటే మిగతా విషయమంతా అర్థమవుతుంది. ఫిల్టర్ మీరు ఇచ్చిన ఫొటోనే మారుస్తుంది. ముక్కు ఉన్నచోటే ముక్కు ఉంటుంది, నల్లపూసల దండ ఉన్నచోటే ఉంటుంది. ఏఐ అలా కాదు. అది మీ ఫొటోను చూసి, అర్థం చేసుకుని, కొత్త బొమ్మను మొదటి నుంచీ గీస్తుంది.

అందుకే ఏఐ బొమ్మ ఫిల్టర్ బొమ్మ కంటే అందంగా ఉంటుంది. సమస్య కూడా అక్కడే ఉంది. పెళ్లికూతురి ముఖం కాస్త సన్నబడుతుంది. వడ్డాణం డిజైన్ మారిపోతుంది. వెనక స్టేజీ మీద పూలతో రాసిన తెలుగు పేర్లు అర్థం కాని గీతలైపోతాయి. ఇన్‌స్టాలో పెట్టే బొమ్మకు ఇదంతా ఎవరూ పట్టించుకోరు. ఆల్బమ్‌లో మాత్రం వాళ్ల అమ్మమ్మ ఒక్క చూపులో చెప్పేస్తుంది, 'ఇది మా పిల్ల మొహం కాదు' అని.

చనిపోయిన పెద్దవాళ్ల ఫొటోల సంగతి ఇంకా సున్నితం. పాత రేషన్ కార్డు మీదిదో, గ్రూప్ ఫొటోలో మూలన ఉన్నదో తెచ్చి 'దీన్ని పెద్దది చేసి, పెయింటింగ్‌లా చేసి పెట్టండి' అని అడుగుతారు. ఫొటోలో లేని వివరాన్ని ఏఐ ఊహించి నింపుతుంది. అలా వచ్చిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అది ఆ ఇంటి తాతగారిది కాకపోతే గోడ మీదికి ఎక్కదు. ఇక్కడ డబ్బిచ్చేది అందానికి కాదు, పోలికకి.

చోడవరం లెక్క ఏంటి?

ఇప్పుడు స్కేలు తీసుకుని కొలుద్దాం. పెళ్లి ఆల్బమ్‌లో తెరిచిన రెండు పేజీల షీటు మామూలుగా 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసేది కాబట్టి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే 10,800 పిక్సెళ్ల వెడల్పు, 3,600 పిక్సెళ్ల ఎత్తు.

ఘిబ్లీ ట్రెండ్ నడిపించిన మోడల్ ఇచ్చిన పెద్ద సైజు 1,536 పిక్సెళ్లు. 300తో భాగిస్తే సుమారు అయిదు అంగుళాలే. తర్వాత వచ్చిన మోడళ్లు 4కే సైజు దాకా వెళ్లాయి. అదీ సుమారు 13 అంగుళాలకే సరిపోతుంది. 36 అంగుళాల షీటులో సగం కూడా కాదు. అప్‌స్కేల్ చేయొచ్చు కదా అంటారా? చేయొచ్చు. కానీ అప్‌స్కేలర్ కూడా లేని వివరాన్ని ఊహించి నింపేదే. ముఖం ఇంకొంచెం దూరం జరుగుతుంది.

మరి ఫ్లెక్సీకి? దాన్ని దూరం నుంచి చూస్తారు కాబట్టి అన్ని పిక్సెళ్లు అక్కర్లేదు. అందుకే వినాయక చవితికి, పుట్టినరోజులకు కట్టే ఫ్లెక్సీల డిజైన్ల మీదే ఏఐ దెబ్బ ముందు పడుతోంది. ఆల్బమ్, గోడకు తగిలించే ఫ్రేమ్, కాన్వాస్ ప్రింట్ లాంటి పనుల మీద ఆలస్యంగా పడుతుంది.

ఈ లెక్క మీకెందుకంటే, చోడవరం, మాడుగుల, అనకాపల్లి చుట్టూ ఉన్న స్టూడియోల్లో, ప్రింటింగ్ ల్యాబుల్లో ఎవరికి పని మిగులుతుందో ఇదే చెబుతుంది. బొమ్మ చేయడం వచ్చినవాడికి కాదు. అది కాగితం మీద ఎలా పడుతుందో తెలిసినవాడికి. స్క్రీన్ మీద వెలిగిపోయే ఎరుపు, ప్రింట్‌లో ఎందుకు చచ్చిపోతుందో చెప్పగలిగినవాడికి. ఆర్‌జీబీకీ సీఎంవైకేకీ తేడా ఒక్క వాక్యంలో వివరించగలిగినవాడికి.

చేత్తో చేస్తే ఎలా ఉంటుంది?

పని తెలిసిన ఎడిటర్ ఫొటోను పెయింటింగ్‌గా మార్చే పద్ధతి చూడండి. ఇందులో ఏ మెట్టూ కష్టం కాదు. కానీ ప్రతి మెట్టులోనూ ఒక నిర్ణయం ఉంటుంది.

మొదటిది, ఫొటో ఎంపిక. వెలుగు ఒక వైపు నుంచి పడిన ఫొటో తీసుకోవాలి. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో నీడలుండవు, నీడల్లేని పెయింటింగ్ ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది.

రెండోది, అనవసరమైన వివరం తీసేయడం. పెయింటర్ ప్రతి ఆకునీ గీయడు. వెనకున్న చెట్టును ఒకే పచ్చటి ముద్దగా మార్చడానికి నాయిస్ తగ్గించి, కువహరా లాంటి ఫిల్టర్ గట్టిగా వేస్తారు.

మూడోది, కుంచె సైజులు. ఇక్కడే బటన్ నొక్కేవాడికీ పనివాడికీ తేడా తెలిసిపోతుంది. ఒకే ఫిల్టర్‌ను ఫొటో మొత్తానికి ఒకే సైజులో వేస్తే ముఖం కూడా గోడలాగే కనిపిస్తుంది. మూడు లేయర్లు చేసుకోండి. వెనక భాగానికి పెద్ద కుంచె, బట్టలకు మధ్యరకం, ముఖానికీ చేతులకూ చిన్న కుంచె. మాస్క్‌లతో ఎక్కడ ఏది కనిపించాలో మీరే నిర్ణయించండి. కళ్లు, పెదవుల అంచుల దగ్గర అసలు ఫొటోను కొద్దిగా కనిపించనివ్వండి. పోలిక నిలబడేది అక్కడే.

నాలుగోది, గీతల దిశ. చీర కుచ్చిళ్లు పైనుంచి కిందికి, నీళ్లు అడ్డంగా, జుట్టు అది వాలిన వైపు. క్రిటా, గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్మడ్జ్ బ్రష్‌తో ఇది చేయొచ్చు.

చివరిది రంగుల సర్దుబాటు, ఆపైన పల్చగా కాన్వాస్ గరుకు. ఎంత పల్చగా అంటే, ఉందో లేదో అనిపించాలి.

గింప్ 3.0 వెర్షన్ 2025 మార్చి 16న విడుదలైంది, ఘిబ్లీ హడావుడికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్లి దాన్ని మార్చుకునే సదుపాయం అందులో వచ్చింది. డబ్బు పెట్టి ఫొటోషాప్ కొనలేనివాళ్లకు ఇది చాలా పెద్ద వెసులుబాటు. కానీ ఏఐ బొమ్మలకు వచ్చిన ప్రచారంలో దాన్ని గమనించినవాళ్లు తక్కువ.

'ఇందులో మీ చెయ్యి ఎంత?'

ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. ఫొటోను పెయింటింగ్‌గా మార్చడం మీద మన దేశం నుంచే ఒక ప్రసిద్ధ కేసు ఉంది. గ్రూప్స్, ఇతర పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ ఇది తెలిసి ఉండటం మంచిది.

మేధో హక్కుల న్యాయవాది అంకిత్ సాహ్ని తాను తీసిన సూర్యాస్తమయం ఫొటోను 'రాఘవ్' అనే ఏఐ టూల్‌కు ఇచ్చారు. శైలి కోసం వాన్ గో 'స్టారీ నైట్' ఇచ్చారు. శైలి ఎంత మోతాదులో కలవాలో ఒక అంకె ఇచ్చారు. వచ్చిన చిత్రానికి 'సూర్యాస్త్' అని పేరు. 2020 నవంబరులో మన కాపీరైట్ కార్యాలయం దాన్ని, రాఘవ్‌ను సహ రచయితగా చూపిస్తూ రిజిస్టర్ చేసింది. ఏడాది తర్వాత అదే కార్యాలయం ఆ రిజిస్ట్రేషన్‌ను వెనక్కి తీసుకుంటామంటూ నోటీసు ఇచ్చింది. అమెరికా కాపీరైట్ కార్యాలయమైతే 2023 డిసెంబరు 11న తుదిగా తిరస్కరించింది.

తిరస్కరణకు చెప్పిన కారణం గమనించండి. సాహ్ని ఇచ్చినవి మూడే.. ఒక ఫొటో, ఒక శైలి, ఒక అంకె. ఆ రెంటినీ ఎలా కలపాలి, ఏ రంగు ఎక్కడ పడాలి అన్నది నిర్ణయించింది యంత్రమే. కాబట్టి ఇది మనిషి రచన కాదన్నారు.

మన 1957 కాపీరైట్ చట్టం మాటలు కొంచెం వేరు. కంప్యూటర్ తయారుచేసిన రచనకు, దాన్ని తయారుచేయించిన వ్యక్తే రచయిత అని అందులో ఉంది. 'తయారుచేయించడం' అంటే ఒక లైన్ టైప్ చేస్తే సరిపోతుందా అన్నది ఇంకా తేలని చర్చే. ఏఐ, కాపీరైట్ అంశాలను చూడటానికి కేంద్రం 2025లో ఒక కమిటీని కూడా వేసింది.

రెండో ప్రశ్న: అసలు ఫొటో ఎవరిది? 1981లో లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ గాయకుడు ప్రిన్స్‌ను ఫొటో తీసింది. 1984లో ఒక పత్రిక 400 డాలర్లు ఇచ్చి, ఒక్కసారి వాడుకోవడానికి అనుమతి తీసుకుంది. ఆండీ వార్హోల్ దాన్ని రంగుల చిత్రంగా మార్చాడు. ఆ ఒక్కటితో ఆగకుండా ఇంకొన్ని చేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయాక వాటిలో ఒకటి పత్రిక ముఖచిత్రమైంది. వార్హోల్ ఫౌండేషన్‌కు పది వేల డాలర్లు వచ్చాయి, ఫొటో తీసినామెకు ఒక్క డాలరూ రాలేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో గోల్డ్‌స్మిత్ వైపే తీర్పు చెప్పింది. వార్హోల్ అంతటివాడు చేసినా, పెయింటింగ్‌లా మార్చినంత మాత్రాన ఫొటో తీసినవాళ్ల హక్కు పోదన్నమాట.

మన దగ్గర దీన్ని ఇలా గుర్తుపెట్టుకోండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవారిదే. గూగుల్‌లో దొరికింది మాత్రం మీది కాదు. 'ఎడిట్ చేశాం కదా' అన్నది జవాబు కాదు.

వ.పా. గారి ఊరు పక్కనే ఉంది

మరి శైలి సంగతి? ఒకరి శైలిని అనుకరించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. ఆలోచన మీద హక్కు ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపం మీదే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. కానీ చట్టం ఒప్పుకున్నదంతా మర్యాద కాదు.

చోడవరానికి దగ్గర్లోని కశింకోటలోనే వడ్డాది పాపయ్య గారు తన చివరి ఏళ్లు గడిపారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో 'వ.పా.' అన్న సంతకాన్ని తెలుగువాళ్ల ఇళ్లన్నింటికీ చేర్చిన మనిషి. 1992 డిసెంబరులో కన్నుమూశారు. కళాకారుడి మరణం తర్వాత అరవై ఏళ్లదాకా హక్కులు ఉంటాయి కాబట్టి, ఆయన చిత్రాలకు 2052 చివరిదాకా రక్షణ ఉంటుంది. 2014లో వెళ్లిపోయిన బాపు గారి బొమ్మలకు 2074 దాకా. 1906లో మరణించిన రాజా రవివర్మ చిత్రాలు ఇప్పుడు అందరివీ.

కాబట్టి పెళ్లి ఫొటోను రవివర్మ తరహాలో మార్చి అమ్ముకోవచ్చు. బాపు గారి బొమ్మనే తీసుకుని ముఖం మార్చి శుభలేఖ మీద వేస్తే మాత్రం చిక్కే. 'బాపు స్టైల్‌లో చెయ్యి' అని ఏఐకి చెప్పినప్పుడు, వచ్చిన బొమ్మ ఆయన గీసిన ఏదో ఒక బొమ్మకు మరీ దగ్గరగా ఉందా లేదా అన్నది చూసుకునే బాధ్యత మీదే. ఆ తేడా గుర్తుపట్టాలంటే ముందు బాపు బొమ్మలు చూసి ఉండాలి. చూసే కన్ను కూడా నైపుణ్యమే, దాన్నీ సాధన చేయాలి.

హీరోల బొమ్మలతో టీషర్టులు, పోస్టర్లు చేసి అమ్ముదామనుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. నటుడు నాగార్జున 2025 సెప్టెంబరులో తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకూడదని ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ తెచ్చుకున్నారు. చిరంజీవి హైదరాబాద్ సివిల్ కోర్టు నుంచి అలాంటి ఉత్తర్వులే పొందారు.

2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణ మరొకటి. నిజమైనవిగా భ్రమింపజేసే ఏఐ చిత్రాలు, వీడియోల మీద స్పష్టమైన లేబుల్ ఉండాలి. రంగులు సరిచేయడం, నాయిస్ తగ్గించడం లాంటి మామూలు ఎడిటింగ్‌కు మినహాయింపు ఉంది. పెయింటింగ్‌లా కనిపించే బొమ్మ ఎవరినీ మోసం చేయదు కదా అనుకోవచ్చు. కానీ మనిషి లేనిచోట మనిషిని పెట్టి నిజం ఫొటోలా చూపిస్తే అది వేరే కథ.

కస్టమర్ల కుటుంబ ఫొటోలను అడక్కుండా ఏదో ఉచిత యాప్‌లో ఎక్కించే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, చిన్న ఊళ్లో స్టూడియో నడిచేదే నమ్మకం మీద.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

2026-27 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి 2030 నాటికి 20 లక్షల మంది నిపుణులు కావాలని చెప్పారు. 500 కాలేజీల్లో కంటెంట్ క్రియేటర్ ల్యాబులు పెడతామన్నారు. వినడానికి బాగుంది. అయితే అంచనా వేరు, నోటిఫికేషన్ వేరు. ఆ అంకెను నమ్ముకుని లక్షలు పోసి ప్రైవేటు మల్టీమీడియా కోర్సులో చేరే ముందు రెండు ప్రశ్నలు అడగండి. సిలబస్‌లో డ్రాయింగ్ ఉందా? ప్రింట్, కలర్ మేనేజ్‌మెంట్ ఉందా? ఫిల్టర్ల పేర్లూ ప్రాంప్టులూ మాత్రమే నేర్పితే, అది యూట్యూబ్‌లో ఉచితంగా దొరికేదే.

పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు దగ్గర్లో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నాయి. ఇంటర్ పూర్తయినవాళ్లు ఎన్‌ఐడీల కోసం డీఏటీ, ఐఐటీ డిజైన్ కోర్సుల కోసం యూసీడ్ పరీక్షలు రాయొచ్చు.

ఇంజినీరింగ్, డిగ్రీ కంప్యూటర్స్ వాళ్లకు దారి వేరు. ఈ బటన్‌ను వాడేవాళ్లుగా కాకుండా తయారుచేసేవాళ్లుగా మారండి. ఓపెన్‌సీవీలో పెయింటింగ్‌లా మార్చే ఫంక్షన్లు సిద్ధంగానే ఉన్నాయి. వాటిని పిలిచి ఫలితం చూపిస్తే ఎవరూ మెచ్చుకోరు. కువహరా ఫిల్టర్‌ను పైథాన్‌లో మీరే రాయండి. నిండా యాభై లైన్లు పట్టదు. మొదట చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఎందుకు నెమ్మదో కనుక్కోండి, నమ్‌పైతో వేగం పెంచండి. ముందూ తర్వాతా ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టుకోండి. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్ట్' అని చెప్పి తడబడే వంద మందిలో, నాలుగు చతురస్రాల లెక్కను బోర్డు మీద గీసి చెప్పేవాళ్లు ఒక్కరుంటే వాళ్లే గుర్తుండిపోతారు.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

ముప్పై బొమ్మలు వద్దు, ఆరు చాలు. అయితే ప్రతి బొమ్మతో పాటు అసలు ఫొటో, మధ్యలో రెండు దశలు, లేయర్లు కనిపించే స్క్రీన్‌షాట్, ప్రింట్ చేసిన కాగితం ఫొటో పెట్టండి. ఏఐ వాడితే ఎక్కడ వాడారో రాయండి. దాస్తే అనుమానం వస్తుంది, చెబితే నమ్మకం పెరుగుతుంది.

విషయం కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. చెరకు క్రషింగ్ రోజుల్లో బెల్లం వండే పెనం దగ్గర పొగ లేస్తుంటే ఒక ఫొటో తీయండి. పొగకు అంచులుండవు కాబట్టి కువహరా ఫిల్టర్ అక్కడ తేలిపోతుంది. దాన్ని ఎలా దాటారో చూపిస్తే మీ పనితనం తెలుస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మ మీద మెరుపును పెయింటింగ్‌లో నిలబెట్టడం ఇంకో పరీక్ష. చోడవరం వినాయకుడి గుడి దగ్గర పూలమ్మే అవ్వ ముఖంలోని ముడతలు మూడోది. వాటిని చెరిపేస్తే మనిషే మారిపోతుంది, అలాగే వదిలేస్తే ఫొటోలాగే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ ఒక్క బటన్‌తో కుదరదు. ఫొటో తీసే ముందు ఆమెను అడగడం మర్చిపోకండి.

అమెరికా కాపీరైట్ కార్యాలయం సాహ్నిని అడిగిన ప్రశ్నే రేపు ఇంటర్వ్యూ బోర్డూ అడుగుతుంది, ఆల్బమ్ తీసుకెళ్లడానికి వచ్చిన కస్టమరూ అడుగుతాడు. ఇందులో మీ చెయ్యి ఎంత? ఫొటో, శైలి, అంకె అని మూడు మాటల్లో జవాబు అయిపోతే, మీ బదులు ఎవరినైనా పెట్టుకోవచ్చు. ఈ నీడ ఎందుకు ఉంచాను, ఆ ఆకులు ఎందుకు తీసేశాను, ఈ ఎరుపును ప్రింట్ కోసం ఎంత తగ్గించాను అని పది నిమిషాలు చెప్పగలిగితే ఆ పని మీదే. ఈ ఆదివారం గింప్ 3 దించుకుని, మీ ఇంట్లోని ఒక పాత ఫొటోతో మొదలుపెట్టండి. పూర్తయ్యాక ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. పోలిక కుదిరిందో లేదో వాళ్లే చెప్పేస్తారు.